తోపయ్య ఇసక పడవ

మంచం కోళ్ల కింద ఇటికలు పెట్టింది మా అత్త జగ్గమ్మ. కాళ్లవైపు కాస్త ఎత్తుగా ఉండాలని, ఒక్కో కోడుకి ఒక్కో ఇటిక చాలని డాక్టరమ్మ చెప్పింది. అత్త రెండేసి పెట్టింది. "ఇంకొంచెం ఎత్తయితే ఏటి నష్టం?" అంది. అలా ఆ వేసవంతా నా కాళ్లు మిట్టలోనూ, తల పల్లంలోనూ ఉండిపోయాయి.

అది రెండువేల పదిహేను. శ్రీకాకుళంలో ఎవరినడిగినా ఆ ఏడాది వడగాడ్పుల గురించి చెబుతారు. నేను ఆ ఎండని చూడలేదు, దాని వేడి మాత్రం అనుభవించాను. మేం అద్దెకున్నది మేడ మీద ఒంటిగది. కిటికీలోంచి చూస్తే ఒక కల్యాణ మండపం వెనక గోడ కనిపిస్తుంది, అంతే. ముహూర్తాలున్న రోజుల్లో వంటవాళ్ల కేకలు, గుమ్మడికాయ పులుసు వాసన, బ్యాండు మోత గదిలోకి వచ్చేవి. ఎవరి పెళ్లో, పెళ్లికూతురు ఎలా ఉందో ఒక్కసారీ తెలిసేది కాదు.

అంతకుముందు నాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచాక డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, బాత్‌రూముకి తప్ప మంచం దిగొద్దంది. నా భర్త నాగబాబు సరుకుల ఓడలో పనిచేస్తాడు. అప్పటికే ఓడెక్కి వెళ్లిపోయాడు. మా అమ్మ ఎప్పుడో పోయింది. ఏప్రిల్‌లో సముద్రంలో వేట నిషేధం మొదలైంది. రోజూ రేవులో చేపలు కొని అమ్ముకునే అత్తకి చేతిలో పని లేకుండా పోయింది. ఒక ఎండుచేపల మూట, ఒక తాళంకప్ప పట్టుకుని మా గదికి వచ్చేసింది.

తాళంకప్ప ఎందుకో మర్నాడు తెలిసింది. బజారుకి వెళ్తూ బయటనుంచి తలుపుకి వేసింది.

"తాళమెందుకత్తా?" అని లోపల్నుంచి అడిగాను.

"దొంగలొస్తారు."

"లోపల నేనున్నాను కదా."

"అందుకే," అంది. మెట్లు దిగిపోతున్న చప్పుడు వినిపించింది.

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. రెండోసారి నాలుగో నెల నడుస్తుండగా, ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.ఏ. పరీక్ష రాయడానికి బస్సులో వెళ్లాను. ఆ వారంలోనే పోయింది. బస్సుకీ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ నచ్చజెప్పింది. అత్త వినలేదు. "ఆ బస్సే తినీసింది నా మనవణ్ణి," అని ఊళ్లో కనపడినవాళ్లందరికీ చెప్పింది. నాగబాబు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. నా చదువు అక్కడితో ఆగిపోయింది.

తెచ్చుకున్న పుస్తకాలు రెండేసిసార్లు అయిపోయాక, టీవీ కింద గుడ్డ కప్పి ఉన్న ప్లేస్టేషన్, వీడియోగేముల పెట్టె, నా కంటపడింది. నాగబాబు ఏదో పోర్టులో పాతది కొనుక్కొచ్చాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా దాని ముందే కూర్చునేవాడు. నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. అత్త చేత తీగ మంచం దాకా లాగించుకుని, పక్కకి తిరిగి పడుకుని, మొదలుపెట్టాను.

అందులో ఉన్నది ఒకటే ఆట. వందేళ్ల కిందటి అమెరికా ఎడారి, గుర్రం మీద తిరిగే ఒక మనిషి. అసలు కథ బందిపోట్లని వెంటాడి కాల్చడం. నాకు కాల్చడం చేతకాలేదు, చేతనవ్వాలనీ అనిపించలేదు. ఊరికే గుర్రం ఎక్కి తిరిగేదాన్ని. బాత్‌రూము దాకా గోడ పట్టుకుని నడిచే మనిషిని, ఆ ఎడారిలో కొండలెక్కాను, వాగులు దాటాను, రైలుతో పోటీపడి పరుగెత్తించాను. ఎటు కావాలంటే అటు వెళ్లొచ్చు. అయితే ఒక హద్దు ఉంది. తెల్లటి ఉప్పునేల చివరికి వెళ్లేసరికి గుర్రం దానంతటదే వెనక్కి తిరిగిపోయేది. అవతల కొండలు కనిపిస్తూనే ఉండేవి. ఎంత అదిలించినా అడుగు వేసేది కాదు.

ఆ హద్దు దగ్గరే ఒక ముసలాయన దొరికాడు. ఎడారి మధ్యలో ఒక కొయ్య స్తంభం, దానికి తాళ్లు. ఒక తాడు కాలికి చుట్టుకుని తలకిందులుగా వేలాడుతున్నాడు. గడ్డం మొహం మీదకి పడింది. నా గుర్రపు మనిషిని చూసి, "కిందికి దింపే ముందు గాలి ఎటు వీస్తోందో చెప్పి పుణ్యం కట్టుకోండి," అన్నాడు.

అప్పుడే అత్త బజారు నుంచి వచ్చింది. సంచి దించి టీవీ వంక చూసింది.

"ఆడెవుడే? నీలాగే ఉన్నాడు, కాల్లు మీదకీ తల కిందకీనీ."

నాకు నవ్వొచ్చింది. తాళం సంగతి మనసులో పెట్టుకుని కొన్నాళ్లుగా ఆవిడతో సరిగ్గా మాట్లాడటం లేదు. నవ్వాక ఇక ఊరుకోవడం కుదరలేదు.

"టోబయస్ అట. ఏవో కొత్త యంత్రాలు కనిపెడతాడట."

"తోపయ్యా?"

"తోపయ్య కాదత్తా, టోబయస్."

"అదే. తోపయ్య. దింపు మరి, సచ్చిపోగలడు."

దింపాను. ఇక ఆయన ఆగకుండా మాట్లాడాడు. తెర కింద ఇంగ్లీషులో పడుతున్న మాటలు చదివి అత్తకి చెప్పాలి. మొదట పుస్తకాల తెలుగులో చెప్పాను. "పూర్వము ఈ ఎడారి అంతయూ సముద్రమే" అనగానే అత్త మొహం చిట్లించింది.

"సరిగ్గా సెప్పు. ముసిలోడు ఏటంతన్నాడు?"

"ఇదంతా ఒకప్పుడు సముద్రమేనంట. ఎటో ఎల్లిపోనాదంట. ఎటెల్లిందో ఎతుకుతాడంట. దానికి ఇసక మీద నడిసే పడవ కడతన్నాడంట, సక్రాలూ తెరసాపా పెట్టి."

అత్త నేల మీద కూర్చుంది. "ఇసకలో పడవేటి," అంది. మళ్లీ కాసేపటికి, "మా కూర్మయ్య సిన్నాన్న ఇలాటోడే. తెప్పకి సైకిలు పెడలు కట్టీసినాడు," అంది.

"ఎల్లిందా?"

"ఎల్లింది. ఎనక్కి."

ఆ రోజునుంచి తోపయ్య మా ఇంటి మనిషైపోయాడు. ఆయన కావాలన్నవన్నీ వెతికి తేవడం మా పని. ఊరి చివర దిగబడిపోయిన సర్కసు డేరా గుడ్డ తెమ్మన్నాడు. విరిగిన గుర్రపు బండి చక్రాలు తెమ్మన్నాడు. మంగలి కొట్లో ఉండే గుండ్రంగా తిరిగే కుర్చీ తెమ్మన్నప్పుడు అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పడవలో కూర్చోడానికట. మంగలి ఇవ్వనంటే, ఆయన కోళ్లగూటికి మేకులు కొట్టిపెట్టి తెచ్చాను. వంట చేస్తూ చేస్తూ అత్త మధ్యలో వచ్చి, "గుర్రానికి నీల్లెట్టినావా?" అనడిగేది. మాకు నీళ్లు రోజు మార్చి రోజు వచ్చేవి. ఆ గుర్రానికి మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికేవి.

సామానంతా చేరాక పడవ కట్టడం అయ్యింది. ఇక నడపాలి. తోపయ్య కుర్చీలో, నా మనిషి తెరచాప తాడు దగ్గర. ఉప్పునేల మీద రాళ్ల మధ్యనుంచి, గాలిని బట్టి తాడు లాగుతూ వదులుతూ హద్దు దాకా తీసుకెళ్లాలి. మొదటిసారి కదిలిన వెంటనే రాయికి గుద్దుకుని పడవ పల్టీ కొట్టింది. తోపయ్య బట్టలు దులుపుకుని, "మరోమారు" అన్నాడు. మరోమారు కూడా పడింది. ఇంకోసారికి ఆయన చెయ్యి విరిగి మెడకి గుడ్డతో వేలాడింది. మళ్లీ "మరోమారు" అన్నాడు.

"ఒగ్గీమను," అంది అత్త. "ఎన్నిసార్లని ఇరగ్గొట్టుకుంతాడు."

"నువ్వు చెప్పత్తా. గాలి అటు కొడితే తెరచాప ఎటు తిప్పాల?"

"నాకేటి తెల్సు? నానెప్పుడైనా పడవెక్కినానా?"

నాకు ఆశ్చర్యమేసింది. పుట్టిందీ మెట్టిందీ సముద్రం ఒడ్డునే. మావయ్య బతికున్నన్నాళ్లూ సొంత పడవ ఉండేది. "ఒక్కసారి కూడా?"

"ఆడదెక్కితే వల కాళీగా వస్తాదంతారు. సేపలేరడానికి, ఎండెయ్యడానికి, నెత్తినెట్టుకుని అమ్మడానికి మాత్తరం ఆడదే కావాల." అంటూ చేతిలో ఉన్న నెత్తళ్ల చేపల తలలు గిల్లసాగింది.

అంత కలిసిపోయినా తాళం మాత్రం ఆగలేదు. మే నెల నడిమిలో ఒకరోజు, పక్క వీధిలో వడదెబ్బకి ఎవరో పోయారన్న కబురు విన్నాక, నేను అడిగాను. "ఇయాల తాళం వెయ్యకత్తా. నువ్వు బయట పడిపోతే నా గతేటి? నాను ఎక్కడికీ ఎల్లను."

"ఆ బస్సెక్కే ముందూ అలగే అన్నావు," అంది.

ఆవిడ సంచి తీసుకుంది. తాళం పడిన చప్పుడు అయ్యాక నేను గుర్రమెక్కి ఉప్పునేల చివరికి తోలాను. అది వెనక్కి తిరిగింది. మళ్లీ తోలాను. అత్త వచ్చేదాకా అదే పని చేశాను. లోపల బిడ్డ మొదటిసారి కదిలింది ఆ రోజే. చేపపిల్ల తోక తగిలినట్టు అనిపించింది. ఆ సంగతి అత్తకి చెప్పాలనుకున్నాను. కోపంతో చెప్పలేదు.

అది జరిగిన కొద్ది రోజులకి, మధ్యాహ్నం పూట కరెంటు పోయింది. తెరచాప సగం లాగి ఉండగా టీవీ ఆరిపోయింది. అత్త నా పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతోంది. పెళ్లివారి మండపంలో ఆ రోజు చప్పుడు లేదు.

"కరెంటు పోతే ఆ తోపయ్య ఏటి సేస్తాడే?" అనడిగింది.

"ఏటీ సెయ్యడు. అలాగే ఉంతాడు."

"కదలకండానా?"

సమాధానం చెప్పబోయాను. నడుం కింద వెచ్చగా తడి తెలిసింది. నీళ్లగ్లాసు ఒలికిందేమోనని చూశాను. గ్లాసు కిటికీలో ఉంది.

"అత్తా," అన్నాను.

అత్త దుప్పటి వంక చూడలేదు. నా మొహం వంకే చూసింది. విసనకర్ర మంచం మీద పెట్టి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, కింద ఉండే ఇంటావిడ లక్ష్మణమ్మని కేకేసింది. ఆ ఇద్దరూ నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లమీంచి దించారు. ఆటోలో నా తల అత్త ఒళ్లో ఉంది. ఎండ చూడటం ఆ నెలల్లో అదే మొదలు. కళ్లు తెరవలేకపోయాను.

ఐదు నెలలు నిండాయి. అంతకన్నా నిలవలేదు. ఆసుపత్రిలో నేను మత్తులో ఉన్నాను, బిడ్డని చూడలేదు. చూసింది అత్త ఒక్కతే. చేతుల్లోకి తీసుకుంది, తీసుకెళ్లింది, తిరిగొచ్చింది. ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి అత్త వింది.

మర్నాడు ఉదయం నాగబాబు ఫోను చేశాడు. ఓడ ఏదో పోర్టుకి చేరిందట. నేను కళ్లు మూసుకుని ఉన్నాను. నిద్రపోతున్నాననుకుని అత్త కిటికీ దగ్గర నిలబడి మాట్లాడింది.

"నేదురా. పోనాది... ఇను. ముందు నా మాట ఇను. అది మంచం దిగనేదు. మెట్టు దిగనేదు. నాను తాళమేసి మరీ సూసినాను."

అవతల ఏమన్నాడో వినపడలేదు.

"నిరుడు బస్సన్నాను కద. బస్సు కాదురా అది. ఆ బస్సు కాదు."

కిటికీ ఊచ పట్టుకున్న చెయ్యి మారింది.

"మల్లీసారా? మల్లీసారి నేదు. దాన్ని అడక్కు. నువ్వడిగినా నాను ఒప్పను. ఊళ్లో ఓలేనా అడిగితే నాను సెప్పుకుంతాను."

మళ్లీ వద్దు అని నేను ఎవరితోనూ అనలేదు. లోలోపల అనుకున్నా, అలా అనుకున్నందుకే నన్ను నేను తిట్టుకునేదాన్ని. కళ్లు మూసుకునే ఉన్నాను. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. అత్త చూసింది కాబోలు, ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది.

నాగబాబు ఏడుస్తున్నాడు. "అమ్మ అలగంతంది. నువ్వేటంతావే?" అన్నాడు.

"అత్త చెప్పిందే నా మాట కూడా, బావా," అన్నాను.

కొంచెంసేపు ఓడ రేవులో ఏవో గొలుసుల చప్పుడు వినిపించింది. "సర్లే," అన్నాడు. "సర్లే. నువ్వు బావుండు."

గదికి తిరిగొచ్చాక అత్త ఇటికలు తీసి కిందికి మోసుకెళ్లింది. పాలు పడకుండా నా ఛాతీకి గుడ్డ బిగించి కట్టింది. పెసరకట్టు, చారు, అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టింది. నేను దిగొచ్చు, నడవొచ్చు. అయినా మంచం మీదే ఉండేదాన్ని. తలుపు బార్లా తెరిచి ఉండేది. నాకు దాని వంక చూడాలని ఉండేది కాదు. నడిస్తే ఎటు వెళ్లాలో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం అత్త కాఫీ తెచ్చి, మంచం పక్కన నిలబడి అడిగింది.

"ఆ తోపయ్య ఏటయ్యాడే?"

"ఏటీ అవలేదు. మనం ఎల్లేదాకా అక్కడే ఉంతాడు."

"ఇరిగిన సెయ్యితోనేనా?"

"ఊఁ."

"పాపం." కాఫీ గ్లాసు నా చేతికిచ్చింది. "పెట్టు మరి. ఎంతకాలమని కూకుంతాడు."

పెట్టాను. తోపయ్య మంగలి కుర్చీలో, మెడకి గుడ్డతో, అలాగే ఉన్నాడు. "మరోమారు" అన్నాడు. పడవ మొదటి రాయికే పడింది. రెండోసారీ పడింది. నేను కంట్రోలర్ పక్కన పెట్టేశాను.

"నావల్ల కాదత్తా."

"ఇలా తే."

ఆవిడ దాన్ని బతికున్న ఎండ్రకాయని పట్టుకున్నట్టు, ఒంటికి దూరంగా పట్టుకుంది. ఏ బొత్తాం తాడు లాగుతుందో, ఏది వదులుతుందో వేళ్లు పట్టి చూపించాను. పడవ వంకరటింకరగా కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. పడింది. అత్త "మరోమారు" అంది, తోపయ్య కన్నా ముందే. అలా ఎన్నిసార్లు పడిందో నేను చూస్తూ కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదకి జారినా ఎత్తుకోలేదు.

ఒకసారి మాత్రం గాలి అందుకుంది. తెరచాప పొంగింది. రాళ్లు రెండు పక్కలా వెనక్కిపోసాగాయి. తోపయ్య కుర్చీలో గిర్రున తిరుగుతూ ఏదో అరుస్తున్నాడు.

"ఏటంతన్నాడు?"

"ఎడమకి తిప్పమంటన్నాడు."

"నోరుముయ్యమను. నాకు కనపడతంది."

ఒక చక్రం ఊడి ఎగిరిపోయింది. పడవ ఒక పక్కకి ఒరిగి కూడా ఆగలేదు. గుర్రం రోజూ వెనక్కి తిరిగే చోటు వచ్చింది. అక్కడ ఆటే మా చేతిలోంచి పడవని తీసుకుంది. నా మనిషి కిందికి దూకేశాడు. తోపయ్య ఆగలేదు. విరగని చెయ్యెత్తి ఊపుతూ, హద్దు దాటి, తెల్లటి నేల మీద చిన్నవాడై, చుక్కై, కనపడకుండా పోయాడు. పని పూర్తయిందని తెర మీద అక్షరాలు పడ్డాయి.

"ఎల్లీసినాడా?" అంది అత్త.

"ఎల్లీసినాడు."

"సముద్రం దొరికినాదా?"

"తెలీదత్తా. అది చూపించరు."

"పోనీలే. ఎల్లేడు కద."

కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. కొంచెంసేపటికి, టీవీ వంకే చూస్తూ అంది:

"ఆడపిల్ల. సేతి ఏళ్లు పొడుగ్గా ఉన్నాయి, నీలాగ. ఏడుపు గీడుపూ నేదు. తొంగున్నట్టుంది. నా పాత సీర సుట్టినాను, మెత్తంది."

నేను మంచం దిగి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆవిడ భుజానికి ఆనుకుని ఏడ్చాను. అత్తా ఏడ్చింది. ఆ రోజు మండపంలో పెళ్లి ఉంది. బ్యాండు మోతలో మా ఏడుపు కింద ఇంటావిడకి కూడా వినపడి ఉండదు.

జూన్‌లో వేట మొదలైంది. గది ఖాళీ చేసేసి అత్త ఊరికి వెళ్లిపోయాం, ఇద్దరం. పడవలు తిరిగొచ్చిన తొలి ఉదయం ఆవిడ కానాగంత చేపలు, కవళ్లు రెండు గంపలు కట్టింది. ఒకటి తను ఎత్తుకుని, రెండోది నా వంక తోసింది. నెత్తి మీద బరువుతో నడవడం నాకు అలవాటు లేదు. ఆవిడ ముందు నడుస్తూ, నా కోసం ఆగుతూ, మళ్లీ నడుస్తూ పక్క ఊరి వీధిలోకి తీసుకెళ్లింది.

ఒక ఇంటి అరుగు ముందు గంపలు దించాం. ఆ ఇంటావిడ చుట్టూ తిరిగి కానాగంతల మొప్పలెత్తి చూస్తూ, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీ కోడలా జగ్గమ్మా? పెల్లై సేన్నాల్లయింది కద. మరేటి, ఇసేసమేటీ నేదా?"

నేను తల దించుకున్నాను. అత్త చేపల మీద నీళ్లు చిలకరించింది. తొందరేమీ పడలేదు.

"సేపలు కొంతావా, నేదా?" అంది.

ఆ ఇంటావిడ లోపలికెళ్లి గిన్నె తెచ్చింది.